ఎడమచేత్తో పైకప్పు
రంగులేసేవాళ్లంతా ఆమెను నిచ్చెనక్క అనేవారు. గోడలు ఎవరైనా వేస్తారు, పైకప్పు మాత్రం ఆమె వేయాల్సిందే. మెడ వెనక్కి వాల్చి, కుడిచెయ్యెత్తి బ్రష్ లాగిందంటే ఒక్క చార కనబడేది కాదు.

ఒక ఇంట్లో మెట్ల పక్కన నిచ్చెన జారింది. పడుతూ పడుతూ కుడిచేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. ఒంటి బరువంతా ఆ చేతిమీద పడి భుజం గూడు తప్పింది. ఆసుపత్రిలో ఎముకను సరిచేశారు గానీ చెయ్యి లేవలేదు. భుజంమీద సూదితో గుచ్చినా ఆమెకు తెలియలేదు.

"కండను ఎముకకు పట్టి ఉంచే నారలాంటిది తెగింది, అది కుడతాం" అంది డాక్టరమ్మ. "నరం కూడా దెబ్బతింది. అది తనంతట తాను కోలుకోవాలి. పూర్తిగా కోలుకోకపోవచ్చు."

"అది అప్పుడు చూద్దాం. ముందు కుట్టండి."

కుట్టారు. చెయ్యి మెడకు వేలాడుతుండగానే మేస్త్రి పలకరించడానికొచ్చాడు.

"ఇక నువ్వు కింద నిలబడి పని చూసుకో అక్కా. పైకప్పులకు వేరేవాణ్ని పెట్టాను."

"చెయ్యి పడిపోయింది గానీ నోరు పడిపోలేదుగా. నన్నో మాట అడగాల్సింది."

మేస్త్రి తలవంచుకుని వెళ్లిపోయాడు.

కుట్లు మానాక తమ ఇంటి పడకగదిలో మంచం జరిపించి, ఎడమచేత్తో బ్రష్ పట్టింది. మొగుడు నిచ్చెన కాళ్లు వదల్లేదు.

"మళ్లీ ఎక్కుతావా?"

"జారింది నిచ్చెన. నేను కాదు."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని మొగుడి గతేంటో ఎవరూ చెప్పలేదు" అని గొణిగాడు.

రంగు మొహంమీద కారింది. కప్పంతా మబ్బులు పట్టినట్టయింది. గీకి మళ్లీ వేసింది. బాగా రాలేదు, మళ్లీ గీకింది.

వ్యాయామాలు చేస్తుండగా చచ్చుబడ్డ భుజంలో చీమలు పాకినట్టయింది. మెల్లగా చెయ్యి లేచింది. భుజం ఎత్తుదాకా వచ్చి ఆగిపోయింది. ఇంతేనేమో అంది డాక్టరమ్మ.

మర్నాడు మేస్త్రి పనిచేయిస్తున్న ఇంటికెళ్లి, అడక్కుండానే నిచ్చెనెక్కింది. రంగు డబ్బా కుడిచేత్తో రొమ్ముకు ఆనించి పట్టుకుంది. ఆ చెయ్యి ఆ మాత్రం చేయగలదు. ఎడమచెయ్యి బ్రష్ లాగింది. మునుపటి వేగం లేదు.

మేస్త్రి కిందనుంచి చాలాసేపు చూశాడు.

"మూలలో పలచగా ఉందక్కా."

"నాకూ కళ్లున్నాయి. ఆరనీ, ఇంకో పూత వేస్తా."

అతను పైకప్పులకు పెట్టినవాణ్ని గోడలకు పంపాడు.

కుడిచెయ్యి అంతకుమించి లేవలేదు. జడ మొగుడే వేస్తాడు. వంకరగా వేస్తే విప్పించి మళ్లీ వేయిస్తుంది.