బాలమల్లు వెతికిన తప్పు

బాలమల్లు గురించి చెప్పాలంటే ముందు నన్ను నేను నాలుగు తిట్టుకోవాలి. తిట్టుకుంటూనే చెబుతాను. మధ్యలో ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

నా పేరు వరప్రసాద్. మాది తెనాలి దగ్గర. బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని పదకొండేళ్ళయింది. శంషాబాద్‌లో సర్వీసు రోడ్డు దిగి లోపలికి వెళ్తే అల్యూమినియం విడిభాగాలు కోసే షెడ్డు ఒకటుంది. అందులో నేను ప్రొడక్షన్ ఇన్‌చార్జిని. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉందని మా షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. రోజుకోసారైనా నేనే చెబుతాను మరి.

బాలమల్లుది పాల్మాకుల. నలభై నాలుగేళ్ళు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ పైన ఐటీఐలో టర్నర్. ఇంట్లో తల్లి రాములమ్మ, భార్య సునీత, రెండు బర్రెలు. మా మిల్లింగ్ మిషన్ మీద పనిచేసేది అతనే. కంప్యూటర్ ఎలా చెబితే అలా లోహాన్ని కోసే మిషన్ అది. రెండేళ్ళ క్రితం దాన్ని నడిపే కంట్రోలర్ కాలిపోయింది. తయారుచేసినవాళ్ళు ఆ మోడల్ మానేశామని చేతులు దులుపుకున్నారు. యజమాని కావేరి గారు పాత ఇనుముకి తోసేద్దామన్నారు. నేనూ గంగిరెద్దులా తలూపాను.

అప్పుడు బాలమల్లు ముందుకొచ్చాడు. "మేడం, నాకు జర టైం ఇయ్యుండ్రి. మామూలు కంప్యూటర్ పెట్టి నడిపిస్త."

నేను పకపకా నవ్వాను. ఎందుకంటే నాకు తెలిసిన సంగతి ఒకటుంది. కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున కూర్చుని ఏ పని ముందు, ఏ పని వెనక అని పంచిపెట్టేదాన్ని కర్నెల్ అంటారు. మామూలు కర్నెల్ అన్ని పనులూ చేస్తుంది, కానీ తన తీరికని బట్టి చేస్తుంది. మిషన్ మోటర్లకి అది కుదరదు. సెకనులో పది లక్షలో వంతు, అంటే మైక్రోసెకన్ల లెక్కన వాటికి సంకేతాలు అందుతూ ఉండాలి. ఒక్కటి ఆలస్యమైనా కోసే పనిముట్టు దారి తప్పుతుంది. అలా వేళ తప్పకుండా పనిచేసే కర్నెల్‌ని రియల్‌టైమ్ కర్నెల్ అంటారు. బయట దొరికే రెడీమేడ్‌ది వేసి చూస్తే మా పాత కంప్యూటర్ బిగుసుకుపోయింది. సరే, ఇంకేముంది, వదిలెయ్యమన్నాను. బాలమల్లు వదల్లేదు. దాని సోర్స్ కోడ్ తెచ్చుకుని, మా కంప్యూటర్‌కి సరిపోయేలా తనే కట్టుకుంటానన్నాడు.

"ఇంత తంటా ఎందుకయ్యా? ఇంకా స్పీడున్న కంప్యూటర్ కొంటే పోలా?" అన్నాను.

"జల్ది చేసుడు గాదు సారూ, టైంకు చేసుడు. మా అమ్మను సూడుండ్రి. రోజు గదే యాళ్లకు బర్రెను పిండుతది. యాళ్ల తప్పిందా, ఇగ బర్రె చేపది, పాలియ్యది. నువ్వెంత జల్ది పిండినా దండుగనే."

నాలుగేళ్ళు కాలేజీలో చదివిన నాకు ఆ సంగతి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క అప్పుడు అతనితో అనలేదు. అనాల్సింది.

నాలుగు నెలలు ఆదివారాలన్నీ దానికే పోశాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు. కమాండ్లన్నీ నోటుబుక్కులో ఉన్నవున్నట్టు గీసుకుని, పక్కన తెలుగులో తన మాట రాసుకునేవాడు. 'గిది బంద్ పెట్టాలె. లేకుంటే సీపీయూ కునుకు తీస్తది.' 'గిది ముట్టద్దు. ముడితే నెట్ పోతది.' ఒక్కసారి కట్టడానికి ఆ కంప్యూటర్ నాలుగు గంటలు తీసుకునేది. కట్టి, ఎక్కించి, మళ్ళీ ఆన్ చేస్తే ఒక్కోసారి నల్లటి తెర తప్ప ఏమీ వచ్చేది కాదు. "ఓరి నీ" అని, ఒక టీ తాగి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. చివరికి నిలబడింది. అప్పుడు దానికి పరీక్ష పెట్టాడు. ఒకేసారి వీడియోలు నడిపించి, ఫైళ్ళు కాపీ చేయించి, కంప్యూటర్‌ని ఉక్కిరిబిక్కిరి చేసి, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఎంతైందో చూస్తూ కూర్చున్నాడు. సగటు అతనికి అక్కర్లేదు. "వందసార్లు టైంకు వచ్చి ఒక్కసారి రాకపోతే గా ఒక్కసారే మనల్ని ముంచుతది సారూ" అనేవాడు. మొదట్లో రెండు వందల మైక్రోసెకన్లు దాటిన ఆలస్యం పంతొమ్మిదికి దిగింది. రెండు రోజులు ఆపకుండా నడిపినా పంతొమ్మిది దాటలేదు.

కర్నెల్ కట్టేటప్పుడు దాని పేరు చివర మనకి నచ్చిన మాట తగిలించుకోవచ్చు. బాలమల్లు 'రాములమ్మ' అని తగిలించాడు. ఆవిడకి చెబితే, "నాకు ఇంట్ల చాకిరి సాలలేదనా, గాడ కూడ పెట్టినవు?" అందట. మా షెడ్డంతా వారం రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వింది.

మిషన్ పద్నాలుగు నెలలు ఒక్క తప్పు లేకుండా నడిచింది. పక్క షెడ్లవాళ్ళు వచ్చి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళతో నేను "మా టీమ్ చేసిందండీ" అనేవాణ్ణి. టీమట, టీము!

ఇక నా నిర్వాకం దగ్గరికి వస్తాను.

దసరా ముందు రోజు మా షెడ్డులో ఆయుధపూజ. పొద్దున్నుంచీ ప్రతి మిషన్‌నీ కిరోసిన్‌తో తుడిచి, నూనె రాసి, పసుపు కుంకుమ పెడతాం. బాలమల్లు అత్తగారి ఊరెళ్ళాలని సెలవు పెట్టాడు. అతని కంప్యూటర్ దుమ్ము నేనే దులిపాను. దులుపుతుంటే తెర మీద అప్‌డేట్లు ఉన్నాయన్న గంట గుర్తు కనిపించింది. "అప్‌డేట్ మాత్రం ముట్టకుండ్రి సారూ" అని బాలమల్లు ఎప్పుడో చెప్పాడు. ఆ, ఆ అన్నాను కానీ చెవిన పెట్టలేదు. పూజ పూటా పైపైన తుడిచి లోపల మురికి ఉంచుతామా అనిపించింది. నా ఫోన్‌లోంచి నెట్ ఇచ్చి, కుంకుమ వేలితోనే నొక్కాను. అది చాలాసేపు ఏదో దింపుకుని, ఆగి, మళ్ళీ లేచింది. ఏదో హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే కొట్టాను. కొబ్బరికాయ కొట్టాం, ఆనవాయితీగా మిషన్‌ని ఒక నిమిషం ఖాళీగా తిప్పాం. పూజ చేసిన మిషన్‌ని మళ్ళీ పని మొదలయ్యేదాకా ఆపకూడదని కావేరి గారి నాన్నగారి కాలం నుంచీ మా షెడ్డులో పట్టింపు. అందుకని కంప్యూటర్ అలాగే ఆన్‌లో ఉండిపోయింది.

దసరా మర్నాడు బాలమల్లు జమ్మి ఆకు తెచ్చాడు. "బంగారం తీస్కోండ్రి సారూ" అని నా చేతిలో పెట్టి, కాళ్ళకి మొక్కి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని మిషన్ దగ్గరికి వెళ్ళాడు. కంప్యూటర్ ముందే నడుస్తోంది కాబట్టి తను ఆన్ చేసి, తెర మీద కర్నెల్ పేరు చూసుకునే అవసరం రాలేదు. మొదటి రెండు ముక్కలూ బాగానే వచ్చాయి. మూడోది కోస్తుండగా అదే కంప్యూటర్‌లో తర్వాతి డ్రాయింగ్ తెరిచాడు. పనిముట్టు ఒక్కసారి తడబడి అల్యూమినియం దిమ్మలోకి దిగిపోయింది. పెద్ద చప్పుడు. బాలమల్లు మిషన్ ఆపే ఎర్ర మీట కొట్టేసరికే పనిముట్టు విరిగింది, దాన్ని తిప్పే స్పిండిల్ వంగింది. విరిగిన ముక్క తగిలి అతని ముంజేయి చీరుకుంది.

"నాకు సమజైతలేదు సారూ" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందు చెయ్యి కడుక్కురా పో" అన్నాను. అతను నల్లా దగ్గరికి వెళ్ళగానే కర్నెల్ పేరు చూపించే కమాండ్ కొట్టాను. పేరు చివర రాములమ్మ లేదు. అప్‌డేట్ తన కొత్త కర్నెల్‌ని తెచ్చి, ఆన్ అయ్యేటప్పుడు వచ్చే కర్నెళ్ళ జాబితాలో పైన కూర్చోబెట్టుకుంది. పూజ నాటి నుంచీ నడుస్తున్నది ఆ మామూలుదే. డ్రాయింగ్ తెరవగానే మోటర్లకి సంకేతం ఆలస్యం చేసింది అదే.

అప్పుడే గేటు దగ్గర కావేరి గారి కారు ఆగింది. నేనేం చేశానో చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా చెబుతాను. కంప్యూటర్‌ని ఆపి, మళ్ళీ లేపి, జాబితాలోంచి బాలమల్లు కర్నెల్‌నే ఎంచి, ఏమీ ఎరగనట్టు పక్కకి జరిగాను.

"ఏమైంది ప్రసాద్ గారూ?" అన్నారు కావేరి గారు.

సరిగ్గా అప్పుడే తల మీదుగా విమానం వెళ్ళింది. విమానం పోయేదాకా మాట ఆపడం మా అందరికీ అలవాటు. ఆ అరనిమిషం నాకు దేవుడిచ్చిన వ్యవధి. దాన్ని కూడా నేను అబద్ధానికి మాటలు సర్దుకోవడానికే వాడుకున్నాను.

"ఇంట్లో చేసుకున్న సరుకండీ. ఏదో ఒక రోజు ఇలా అవుతుందని అనుకుంటూనే ఉన్నాను" అన్నాను.

బాలమల్లు చేతికి గుడ్డ చుట్టుకుని వెనకే నిలబడ్డాడు. అంతా విన్నాడు. "తప్పైంది మేడం. నేనే ఏడనో సూస్కోలే" అన్నాడు.

కావేరి గారు చెడ్డమనిషి కాదు. పనిలోంచి తియ్యలేదు. ఒక కంపెనీ కంట్రోలర్‌కి ఆర్డరిచ్చి, అది వచ్చేదాకా కోసిన ముక్కల అంచులు ఆకురాయితో నున్నగా చేసే బల్ల దగ్గర కూర్చోమన్నారు. కొత్తగా చేరినవాళ్ళు కూర్చునే బల్ల అది. అతను కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అతను తన తప్పు వెతకడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ మీద ఆ కర్నెల్‌ని మళ్ళీ మళ్ళీ కట్టడం, పొద్దున నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి రావడం. "సారూ, గీ లైను సూడుండ్రి, మీరు సదువుకున్నోళ్లు. గిది తప్పా?" నేను కళ్ళజోడు సవరించుకుని, "ఏమో, చూద్దాంలే" అనేవాణ్ణి. లేని తప్పుని ఎక్కడని చూపించను? షెడ్డులో కుర్రాళ్ళు "ఏందన్నా, మీ అమ్మ బర్రెను పిండుడు మర్సిపోయిందా?" అని ఏడిపిస్తే వాళ్ళతోపాటే నవ్వేవాడు. నేను తేలు కుట్టిన దొంగలా నా సీట్లో కూర్చునేవాణ్ణి. ఎవరైనా ఫోన్ చూసి "అప్‌డేట్ అడుగుతోందిరా" అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. మధ్యలో దీపావళి వచ్చింది, పోయింది. రోజూ రేపు చెబుదామనుకున్నాను. ఇన్నాళ్ళు చెప్పనివాణ్ణి ఇప్పుడెలా చెప్పనూ అని కూడా రోజూ అనుకున్నాను.

ఒక శనివారం కొత్త కంట్రోలర్ దిగింది. కావేరి గారు బాలమల్లుని పిలిచి, "దీని మీద నువ్వే చెయ్యి, నేర్పిస్తారు" అన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు.

"నా వల్ల గాదు మేడం. తప్పు ఏడుందో కూడ దొరుకతలేదంటే నాకు గంత తెలివి లేనట్టే గదా. సోమవారం ఒక్కరోజు వచ్చి లెక్క తేల్సుకుంట. కార్గో గోదాంల మూటలు మోసే పని మాట్లాడుకున్న."

ఇరవై ఏళ్ళు మిషన్ మీద బతికిన చేతులవి. ఆదివారం పొద్దున్నే బండి తీశాను. ఇంట్లో బాలాపూర్‌లో పనుందని చెప్పి, తిన్నగా పాల్మాకుల వెళ్ళాను.

రాములమ్మ వాకిట్లో బర్రెలకి గడ్డి వేస్తోంది. "కూసో బిడ్డా, మా బాలమల్లు సారువా నువ్వు?" అని లోపలికి కేకేసింది. సునీత చిక్కటి పాలతో టీ తెచ్చింది. బాలమల్లు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద అక్షరాలు పరుగెడుతున్నాయి. పన్నెండోసారి కడుతున్నాడట.

"ఆఖరు పారి సారూ. తెలుసుకోని ఇడిచిపెడ్దామని" అన్నాడు.

నేను కూర్చోలేదు. "బాలమల్లూ, నీ కర్నెల్‌లో తప్పు లేదు. ఆ రోజు నడిచింది నీది కాదు. పూజ ముందు నేను అప్‌డేట్ చేశాను. చెయ్యి కడుక్కోవడానికి నిన్ను పంపి చూసుకున్నాను. చూసి, మార్చేసి, నీ మీద వేశాను" అన్నాను. అనుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో అయిపోయాయి.

అతను నన్ను కొట్టినా బాగుండేది. "అయితే గది మంచిగనే ఉండెనా సారూ?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మల్లొకసారి చెప్పుండ్రి."

"బాగానే ఉంది బాలమల్లూ. దాంట్లో ఏ తప్పూ లేదు."

అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. "అమ్మా, మంచిగనే ఉండెనట!" అని వాకిట్లోకి అరిచాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

సునీత మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. "ఇరవై మూడు దినాలాయె సారూ. బువ్వ ముంగట కూసోని కూడ గా నోటుబుక్కే సూసిండు. మీకు నోరెట్ల రాలే?"

"ఊకో సునీతా" అన్నాడు బాలమల్లు. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సారూ, అప్‌డేట్ దానంతట అదే అయిందని మేడంకు నేను చెప్త. మీరు పెద్దోళ్లు. పోరగాండ్ల ముంగట ఇజ్జత్ పోవద్దు."

ఒక్క క్షణం, ఛీ, ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. సరే అనబోయి ఆగాను. టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

సోమవారం టీ వేళకి మిషన్లన్నీ ఆపించి, కావేరి గారిని బయటికి పిలిచి, పన్నెండుమంది ముందు మొదలుపెట్టాను. అప్‌డేట్ దాకా చెప్పానో లేదో బాలమల్లు అడ్డొచ్చాడు.

"సారుకు తెల్వక అయింది మేడం."

"తెలియక చేసింది ఒక్క రోజే. మిగతా ఇరవై నాలుగు రోజులూ తెలిసే చేశాను" అన్నాను.

ఎవరూ కప్పు ఎత్తలేదు. కావేరి గారితో సహా అందరూ నన్నే చూస్తున్నారు. కంప్యూటర్ ఆపి లేపిన సంగతి, పేరు చూసిన సంగతి, విమానం పోయేదాకా ఆగిన సంగతి ఒక్కొక్కటే చెప్పాను. బాలమల్లు ఒక్కడే నన్ను చూడలేదు. తన ఇంటి మనిషే దొరికిపోయినట్టు మొహం కందిపోయి, నేను చెప్పడం ముగించేదాకా తల వంచుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.