మా బీకాం, నేను మింగేసిన ఆరు నెలలు

మాదన్నపేట మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. తక్కెడ పట్టుకున్నతను నా ముఖం వైపు చూడకుండానే, "మున్షీ సాబ్, మీ దుష్మన్ పోయిండంట గదా పొద్దుగాల," అన్నాడు. ఏ దుష్మన్ అని అడగాల్సిన పని లేకపోయింది. ఈ వయసుకు నాకు మిగిలింది ఒక్కడే. వంకాయలు అక్కడే వదిలేసి ఛత్రినాక వైపు నడిచాను. ఆ ఇంటి ముందు చెప్పులు విప్పి గుంపు వెనక నిలబడ్డాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఆయన పేరు రాయను. బతికుండగా ఆ పేరు నా నోట రావడం ఆయనకు ఇష్టం లేదు. మా ఆఫీసులో అందరూ బీకాం అనేవాళ్ళు, నేనూ అదే అంటాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ మాట. చార్‌కమాన్ వెనక ఒక మేడ మీద ఒక ఆడిటరు గారి దగ్గర నేను గుమాస్తాను. బడికి పోలేదు. తెలుగు మా అమ్మ చెప్పింది. ఉర్దూ దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు మాత్రం మందుల సీసాల మీద నేర్చుకున్నాను, అందుకే చాలా ఏళ్ళ వరకు నాకు వచ్చిన ఇంగ్లీషు మాటల్లో సగం కడుపునొప్పికి సంబంధించినవే. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. ఆఫీసులో బయటికి పోయే ప్రతి కాగితమూ నేనే రాసేవాణ్ణి, ఆడిటరు గారు చదవకుండా సంతకం పెట్టేవారు.

ఆ ఆఫీసుకు మద్రాసులో బీకాం చదివి ఈయన వచ్చాడు. జీతం లేకుండా మూడేళ్ళు ఆడిటరు కింద పనిచేస్తేనే రిజిస్టర్డ్ అకౌంటెంటు పరీక్షకు కూర్చోనిస్తారు. ఛత్రినాకలో పాల వ్యాపారం చేసే తండ్రి రెండు బర్రెలను అమ్మి మద్రాసు పంపాడు. కొడుకు ఆడిటరైతే చూడాలన్నది ఆ పెద్దాయన ఒకే ఒక్క కోరిక. వారానికోసారి మా ఆఫీసు చాయ్ కోసం చెంబుడు పాలు పట్టుకొని మెట్లెక్కేవాడు.

"మున్షీ సాబ్, మా పోరడు ఇంకెన్ని దినాలకు ఆడిటరైతడు?"

"అయితడు బాపూ. పరీక్ష రాయాలె గదా."

"జల్ది రాయమని జర చెప్పు. నా పానం ఎట్లుంటదో ఏమో."

కొడుకు వచ్చిన మొదటి రోజే నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఆడిటరు గారితో, "ఈయన ఏం చదివిండు సార్?" అన్నాడు. ఏమీ లేదని ఆయన చెప్పారు. అప్పుడు బీకాం నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా శత్రుత్వానికి పునాది ఆ రోజే పడింది, తర్వాత ఇద్దరం కలిసి చక్కగా అంతస్తులు కట్టుకున్నాం.

అసలు చిక్కు వేరే ఉంది. పాతబస్తీ సేట్ల ఖాతాలు రఖంలో ఉండేవి. రఖమంటే అంకెల బదులు వంకర గీతలతో లెక్క రాసే పాత పద్ధతి. మద్రాసులో అది చెప్పరు. బీకాం పెద్ద పెద్ద ఇంగ్లీషు పుస్తకాలు మింగాడు గాని బట్టల కొట్టు ఖాతా తెరిస్తే ఒక్క పంక్తి చదవలేడు. కాబట్టి నేను పక్కన కూర్చొని పైకి చదవాలి, ఆయన పచ్చ పెన్సిలుతో టిక్కు పెట్టాలి.

"గిది అంకెనా, కోడి గీకిందా?"

"కోడి గీకినా లెక్క తప్పలే. చదవాల్నా, వద్దా బీకాం సాబ్?"

"సదువు. పాన్ నమలుకుంట సదవకు, మెల్లగ సదువు."

నేను ఇంకా వేగంగా చదివేవాణ్ణి. ఒకసారి సిగ్గు విడిచి, "రఖం నాకు నేర్పరాదు?" అని అడిగాడు. "మద్రాసుల అడుగున్రి," అన్నాను. "కంటితో చూడనిదానికి టిక్కు పెడితే అది అబద్ధం," అనేవాడు ఆయన. అలాంటి మనిషి రోజంతా నా గొంతు నమ్మి టిక్కులు పెట్టాల్సి వచ్చేది. పళ్ళు పటపట కొరికేవాడు, నాకు వినిపించేది.

చదువు విషయంలో మాత్రం రాక్షసుడు. ఇంట్లో బర్రెల లొల్లి పడలేక పొద్దున్నే ఉప్పుగూడ స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ కంపెనీ చట్టం బట్టీ పట్టేవాడు. నా ఇల్లు ఆ దగ్గరే. ఎవరైనా, "బండి ఎప్పుడొస్తది భాయ్?" అని అడిగితే, "నా మొఖం మీద రాసి ఉందా?" అని కసిరేవాడు. అయినా ఆయన రోజూ కనబడేసరికి ఆయనకే తెలుస్తుందని జనం ఆయన్నే అడిగేవాళ్ళు. అడగ్గా అడగ్గా ఆయనకు బండ్ల వేళలన్నీ నోటికి వచ్చేశాయి. తిట్టి మరీ చెప్పేవాడు. ఆ బండ్ల గురించి చెప్పాలంటే చాలా ఉంది, కానీ ఇది బండ్ల సంగతి కాదు.

మూడేళ్ళు నిండాయి. పరీక్షకు దరఖాస్తుతో పాటు, పనిచేసిన కాలం చూపిస్తూ ఆడిటరు గారి సర్టిఫికెట్టు పోవాలి. విద్యార్థి చేతికి ఇవ్వకుండా నేరుగా తపాలాలో పంపాలని ఆడిటరు గారి పట్టింపు. రాయడం నా పని. ఆఫీసు హాజరు పుస్తకం తెరిచి తేదీలు దించేశాను. అక్కడే వచ్చింది తంటా. నిజాం సర్కారుకు తన క్యాలెండరు తనకుండేది, దాని పేరు ఫసలీ. ఆజూరు నెలతో మొదలయ్యేది, ఇంగ్లీషు లెక్కకు ఐదువందల తొంభై ఏళ్ళు వెనక నడిచేది. మా హాజరంతా అందులోనే. చేతి అలవాటు కొద్దీ సర్టిఫికెట్టులోనూ అదే రాశాను. నైజాం బయట కూర్చున్న పరీక్షల వాళ్ళ లెక్కన మా బీకాం కాకతీయుల రాజ్యం పోయిన కొత్తలో ఉద్యోగంలో చేరినట్టు.

ఇంతవరకు పొరపాటు. ఇక్కడినుంచి చెప్పేది నేను ఎవరికీ చెప్పుకోనిది.

ఆ మర్నాడు పొద్దున ఒక సేట్ దుకాణంలో ఖాతాలు చూస్తున్నాం. నేను చదివిన ఒక అంకె మీద అనుమానమొచ్చి బీకాం అందరి ముందరా, "ఈయన చదివేది నిజమో అబద్ధమో నాకేం ఎరుక సేట్, ఈయన బడి మొఖం చూసినోడు కాదు," అన్నాడు. సేటు నవ్వాడు, అతని నౌకర్లు నవ్వారు. మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి లిఫాఫా అంటించబోతూ సర్టిఫికెట్టు మరోసారి చూశాను. ఆజూరు అన్న మాట కళ్ళకు కొట్టినట్టు కనబడింది. దిద్దడానికి పది నిమిషాలు చాలు. జిగురు రాసి అంటించి, నేనే పోయి తపాలా డబ్బాలో వేశాను.

తారీకులు చెల్లవని అది తిరిగి వచ్చేసరికి గడువు దాటింది. మళ్ళీ పరీక్ష ఆరు నెలల తర్వాతే. ఆడిటరు గారు మెట్లు అదిరేలా అరిచారు.

"ఈ తారీకులు ఎవడిచ్చిండు? ఇప్పుడే చెప్పాలె. ఆ మనిషి రేపటికెల్లి ఈ మెట్లెక్కొద్దు!"

నేను ఖాతాలో తల దూర్చాను. బీకాం నా వైపు కూడా చూడలేదు.

"తారీకులు నేనే గట్ల రాసిచ్చిన సార్. నాదే గల్తీ."

నష్టం ఆయనకే గనక ఆడిటరు గారు పొమ్మనలేదు గాని గంటసేపు తిట్టారు. అంతా విని వచ్చి నా పక్కన కూర్చొని, పచ్చ పెన్సిలు తీసి, "సదువు," అన్నాడు. అంతే.

మూడో నెలలో తండ్రి పోయాడు. పాల చెంబు రావడం ఆగిపోయింది.

ఆ తర్వాత వారమే నేను ఒక తెల్ల కాగితం మీద రఖం గుర్తులన్నీ వరసగా రాసి, పక్కన ఇంగ్లీషు అంకెలు వేసి ఆయన ముందు పెట్టాను. "ఏందిది, దయనా?" అన్నాడు. "గొంతు నొస్తున్నది," అన్నాను. నెల తిరక్కముందే నాకంటే వేగంగా చదవసాగాడు, నా తప్పులు రెండు పట్టుకున్నాడు కూడా. పరీక్ష పాసయ్యాడు. నలభైల్లో సొంత ఆఫీసు తెరిచి, మా సేట్లలో మంచివాళ్ళను ఏరుకొని పట్టుకుపోయాడు. "ఆ మున్షీతోని పైలం," అని ఆయన ఊరంతా చెప్పాడు. "ఆయనకు సంతకం తప్ప ఏం రాదు," అని నేను చెప్పాను. దశాబ్దాలు అలా గడిపాం. నిజానికి నేను పుస్తకాలు కొని కూడిక తీసివేతల అవతల ఉన్న విద్య నేర్చుకున్నది ఆయన ముందు తలెత్తుకోవాలనే. నా చదువుకు గురువెవరంటే ఆ నవ్వే.

మొన్నటి బోనాల తర్వాత, ఆయనకు ఒంట్లో బాగోలేదని విని, రిక్షా కట్టించుకొని పోయాను. మంచం మీదనుంచే, "ఏంది మున్షీ, ఇంక బతికే ఉన్ననా అని చూడనీకొచ్చినవా?" అన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను: ఆ లిఫాఫా తప్పు చూసే అంటించానని.

"ఎరుకే," అన్నాడు. "రోజూ నా పక్కన కూసోని ఆజూరంటే అక్టోబరని చదివేటోనివి. ఒక్క నా సర్టిఫికెట్ కాడనే మరుస్తవా?"

"మరి గప్పుడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను తీసేస్తుండె. రఖం ఎవడు సదువుతుండె? నాకు గప్పుడు పరీక్ష గావాలె, కచ్చ గాదు. కచ్చ తర్వాత పట్టొచ్చనుకున్న, పట్టిన."

"మాఫ్ చెయ్యి."

గోడ వైపు తిరిగాడు. "చెయ్య," అన్నాడు. "మా నాయన చూడకుండనే పోయిండు. మాఫ్ చేస్తే ఆయన చెయ్యాలె, ఆయన లేడు. ఇగ పో."

వచ్చి రిక్షా ఎక్కాను. కదలబోతుండగా వెనకనుంచి కేక. మంచం దిగి, గోడ పట్టుకొని గడప దాకా వచ్చాడు.

"ఏయ్ రిక్షా! ఆ మూల మీద మోరీ తవ్వి ఇడిసిపెట్టిన్రు. పక్కకెల్లి తోలు. ముసలోడు అండ్ల పడితే నా ఇంటి ముంగట లొల్లి నాకు!"

మలుపు తిరుగుతూ వెనక్కి చూశాను. ఒక చెయ్యి తలుపు గొలుసు పట్టుకొని ఉంది. రెండోది గాలిలో చాపి, మేము ఎటు పోకూడదో ఇంకా చూపిస్తూనే ఉన్నాడు.