కారు పార్కింగ్‌కి అడ్డొచ్చిన గట్లు

స్టీవెనేజ్‌లో మా ఇంటి వెనక గడ్డిమైదానాన్ని చదును చేసి కారు పార్కింగ్ కడతామని కౌన్సిల్ నోటీసు అంటించింది. వెంటనే మొదటి ఉత్తరం రాశాను. ఆ గడ్డిలో ఏడెనిమిది అంగల వెడల్పున వరసగా గట్లున్నాయనీ, అవి వందల ఏళ్ల కిందటి సేద్యపు గుర్తులనీ, చెరపవద్దనీ. అక్కడితో ఆగితే బాగుండేది. గట్ల మధ్య పల్లాల్లో నీళ్లు పారించి పైరు పండించేవారని కూడా రాశాను. మా నాన్న మిరపతోటలో నీళ్లు పారడానికి బోదెలు తోలడం చూస్తూ పెరిగినవాడికి ఇంకేం తోస్తుంది?

కౌన్సిల్ ఆఫీసరమ్మ జవాబు నాలుగు వాక్యాలు. మూడోది ఇప్పటికీ అప్పజెప్పగలను: ఈ దేశంలో రైతు బాధ పొలానికి నీళ్లు తేవడం కాదు, బయటికి పంపడం. ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా కొట్టేసింది.

"తప్పు రాసినవ్, ఆమె దిద్దింది. దానికింత గుస్సా ఎందుకు?" అంది మా ఆవిడ. అదీ మర్చిపోలేదు.

పంతంపట్టి చదివాను. మన నాగలి మట్టిని రెండు పక్కలకూ చీలుస్తుంది. ఈ ఇంగ్లీషువాళ్ల పాత నాగలి ఒక పక్కకే తిరగేసేది. ఏటా అదే నేలచెక్క చుట్టూ తిరుగుతూ మట్టిని నడుమకు తోస్తే నడుమ లేచి గట్టవుతుంది, అంచులు కాలువలై వాననీటిని దించేస్తాయి. తెలిసిన రోజు కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇంకో నాలుగు ఉత్తరాలు రాశాను. చివరికి, సోమవారం చదును చేసే యంత్రం వస్తుందనగా, ఆఫీసరమ్మ శుక్రవారం పొద్దున పది నిమిషాలిస్తానంది.

ఆ పొద్దున నా అదృష్టం. గడ్డి మీదంతా గడ్డకట్టిన మంచు. ఎండ పక్క నుంచి తగిలి, మంచు కరిగి గట్ల వీపులు పచ్చబడ్డాయి, పల్లాలు తెల్లగానే ఉన్నాయి. మైదానమంతా చారలు! ఆమె చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

"ఇన్నేళ్లుగా మా కుక్కను ఇక్కడే తిప్పుతున్నాను," అంది.

గట్టు వెంట కొసదాకా నడిపించాను. అక్కడ గట్టు ఎడమకు వంగుతుంది.

"ఎందుకు వంగింది?"

"ఒక్క నాగలికి ఎనిమిది ఎడ్లు. అంత పొడుగు బారు ఉన్నచోట తిరగలేదు. ముందునుంచే మళ్లించుకు రావాలి."

"ఇది మీ ఉత్తరాల్లో లేదే."

"ఉంది. మూడో ఉత్తరం, రెండో పేజీ."

ఆమె ఎర్రబడింది. తవ్వకాల నిపుణులు చూసేదాకా యంత్రం రాదంది. నోటిమాట నాకు చాలదన్నాను. అక్కడే నిలబడి మెయిల్ రాసింది. అది నా ఫోన్లో పడేలోగా ఇద్దరం గట్లు లెక్కపెట్టాం. ఆమె పదకొండంది, నేను పన్నెండన్నాను. మెయిల్ వచ్చింది, చదివాను, సరిగ్గానే ఉంది. అయినా మొదటి గట్టు నుంచి మళ్లీ నడిపించాను.

పన్నెండే.