అమ్మేసినా అన్నా

సోమందేపల్లె బస్టాండు ఎదుట, టీ అంగడికీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుకులో ఉంటుంది నజ్మా సెల్‌ఫోన్ రిపేరు షాపు. పగిలిన అద్దాలు మార్చడం, నీళ్లలో పడిన ఫోన్లను మళ్లీ పలికించడం ఆమె పని. భర్త బేల్దారి, ఇళ్లు కట్టే పని; ఒక బిడ్డ చదువుకుంటోంది. ఊళ్లో కుర్రవాళ్లు కొందరు ఇప్పటికీ వచ్చి, "అక్కా, ఏ కాయిన్ కొంటే బాగుంటాది?" అని అడుగుతారు. ఆమె తలెత్తకుండానే "నాకు తెలీదప్పా" అంటుంది.

తెలియక కాదు. లాక్‌డౌన్‌లో షాపు మూతపడినప్పుడు ఫోన్లో చూసి చూసి, ఫోన్లోనే కొని అమ్మే క్రిప్టో కాయిన్ల వ్యాపారం నేర్చుకుంది. మొదటి ఏడే చేతులు కాల్చుకుంది. పడుతున్న కాయిన్‌ను చూస్తూ, రేపు లేస్తుందిలే అనుకుంటూ వారం కూర్చుంటే సగం డబ్బు ఆవిరైపోయింది. ఆ దెబ్బతో ఒక కట్టుబాటు పెట్టుకుంది. కొనేముందే, ఎంతకు పడితే అమ్మేయాలో తేల్చుకోవాలి. ఆ ధర వచ్చిందంటే ఇక ఆలోచన లేదు, అమ్మేయడమే. నష్టం వచ్చిన రోజు కూడా అమ్మేసి, తన ఫోను పక్కన పెట్టి, రిపేరుకు వచ్చిన ఫోను ముందు వేసుకునేది. అప్పు తెచ్చి మాత్రం ఒక్క రూపాయి పెట్టలేదు. అట్లా చిన్న చిన్న లాభాలతోనే నాలుగేళ్లలో రేకుల ఇంటిని మిద్దె చేసింది.

ఆ మిద్దె చూసే ఆమె అన్న రహంతుల్లాకు ఆశ పుట్టింది.

రహంతుల్లా ఆమెకంటే పదేళ్లు పెద్ద. నాయన పోయినప్పుడు తొమ్మిదో తరగతి వదిలేసి లారీ క్లీనరుగా చేరినవాడు. చెల్లెలిని హిందూపురం పంపి ఐటీఐ చదివించాడు. ఆమె షాపు పెట్టి తన కాళ్ల మీద తాను నిలబడ్డాకే పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు సొంత బొలేరో బండిలో టమోటా, శనక్కాయ మార్కెట్లకు తోలుతున్నాడు. మెత్తని మనిషి. ఏదీ చేతిలోంచి వదలలేడు. ఒక సంవత్సరం ధర వస్తుందని శనక్కాయలు ఇంట్లోనే ఉంచుకుని బూజు పట్టించాడు. కాలు విరిగిన మేకను కటికవాడికి అమ్మలేక ఏడాది మేపాడు.

"అన్నా, ఇది నీకు సరిపడదు" అంది నజ్మా, అతను లారీ కొనడానికి దాచుకున్న డబ్బు తెచ్చి ముందు పెట్టినప్పుడు.

"నాకు సరిపడదని నాకూ తెలుసు పాపా. అందుకే నీ చేతిలో పెడతాండా. కొనేది నువ్వే, అమ్మేది నువ్వే. నూటికి పది పడితే నన్ను అడగొద్దు, అమ్మేసెయ్. నేను నోరెత్తను."

ఆమె కాదనలేకపోయింది. కొన్నది. రెండు నెలలు బాగానే లేచింది. రహంతుల్లా బండి ఆపి షాపు మెట్టు మీద కూర్చుని, ఫోనులో పచ్చ అంకెలు చూసి చిన్నపిల్లవాడిలా నవ్వుకుని పోయేవాడు. ఆమె మనసులో కూడా ఒక తృప్తి. అన్నకు తాను చేస్తున్న మొదటి మేలు ఇదే అనుకుంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ధర జారడం మొదలైంది. చూస్తూండగానే వచ్చిన లాభమంతా పోయింది. అసలులోంచి కూడా తగ్గసాగింది. నూటికి పది దగ్గర పడుతుండగా అన్న ఫోను చేశాడు. తానూ యాప్ వేసుకుని చూస్తున్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

"పాపా, అమ్మొద్దు. ఒక్క రోజు ఆగు."

"నువ్వే చెప్తివి కదన్నా, అడగొద్దని."

"ఇప్పుడు నేనే చెప్తాండా. పెనుగొండ కాడ బండి పక్కన పెట్టి మాట్లాడతాండా. నా మాట విను. రేపు చూసుకుందాం."

ఆ గొంతులో బతిమాలడం ఉంది. అన్న గొంతులో అది ఆమె ఎప్పుడూ వినలేదు. బొటనవేలు తెర మీద ఆగింది. ఆగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపు ఇంకో రోజు అంటాడు, ఎల్లుండి ఇంకో రోజు. మొత్తం పోయేదాకా వదలడు. అంత కష్టపడి దాచిన డబ్బు. తనదైతే ఎంత తొందరగా అమ్మేదో అంత తొందరగా అమ్మింది.

"అమ్మేసినా అన్నా."

హైవే మీద లారీల రొద కాసేపు వినబడి, ఫోను ఆగిపోయింది.

ఆ సాయంత్రం ధర ఇంకా పడింది. నజ్మా ఊపిరి పీల్చుకుంది. కానీ మూడో నాటికి కాయిన్ తిరగబడి లేచింది. వారం తిరిగేసరికి కొన్న ధరకు ఒకటిన్నర రెట్లయింది.

రహంతుల్లా షాపుకు వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ దుడ్లయినా ఇట్లే అమ్ముతాంటివా?"

"అమ్ముతాంటి అన్నా. ఇట్లే."

"సరేలే. నా దుడ్లు నాకు పంపించు. ఇంక నేను చూసుకుంటా."

ఆమె అతని ఎదుటే పంపేసింది. మెట్టు దిగుతున్నవాడి చేయి పట్టుకుని, "అప్పు తీసుకుని మాత్రం ఆడొద్దన్నా" అంది. అతను నెమ్మదిగా చేయి విడిపించుకున్నాడు.

అప్పటి నుంచి అతని బండి టీ అంగడి దగ్గర ఆగేది, షాపు దగ్గర ఆగేది కాదు. పది రూపాయలు పెడితే యాప్ వాడే తొంభై కలిపి వంద రూపాయల ఆట ఆడనిస్తాడని ఎవరో నేర్పారట. మొదట్లో గెలిచాడు. టీ తాగుతూ చుట్టూ ఉన్నవాళ్లకు తెర చూపించేవాడు. నజ్మా లోపలినుంచి చూసేది. రెండుసార్లు లేచి వెళ్లబోయింది. ఏ ముఖంతో చెప్పాలో తెలియక మళ్లీ కూర్చుంది.

వానాకాలం చివర్లో ఒకరోజు వదిన జుబేదాబీ వచ్చింది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది.

"మీయన్న బండి మీద అప్పు తెచ్చినాడంట నజ్మా. నాకూ చెప్పలేదు. మొన్న ఒక్క గంటలో అంతా పోయిందంట. ధర పడతానే, అమ్మేదానికి కూడా యాళ లేకుండా, ఆ యాప్ వాడే తన దుడ్ల కోసం అమ్ముకున్నాడంట. రెండు దినాలుగా అన్నం ముట్టలేదు."

నజ్మా షాపు మూసేసి తన దగ్గరున్న కాయిన్లన్నీ అమ్మింది. ఆ డబ్బుతో అన్న ఇంటికి పోయింది. అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"బండి విడిపించుకుందాం లెయ్ అన్నా."

"వద్దు పాపా. అవి నువ్వు జాగ్రత్తగా చేసుకున్న దుడ్లు. నాకాడికొస్తే అవీ పోతాయి."

ఎంత చెప్పినా ఇటు తిరగలేదు. నెలలోపే అప్పు కింద బండి పోయింది. సంసారం హిందూపురం చేరింది. అక్కడ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర అతనికి కాపలా పని దొరికింది.

రంజాన్ వెళ్లాక ఒక ఆదివారం నజ్మా హిందూపురం బస్సెక్కింది. అన్న డ్యూటీలో ఉన్నాడు. వదులు యూనిఫాంలో సన్నబడి కనిపించాడు. చెల్లెలిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. బిడ్డ చదువు అడిగాడు, షాపు అడిగాడు. కాయిన్ల మాట ఎత్తలేదు.

చివరికి ఆమే అడిగింది. "ఆ పొద్దు నేను అమ్మింది తప్పా అన్నా?"

రహంతుల్లా రోడ్డు వైపు తిరిగాడు.

"తప్పో ఒప్పో నాకేం తెలుసు పాపా. నీకు తెలిసినంత నాకు తెలీదు. ఒక్క దినం ఆగమని అడిగినా. నా కోసం ఆగుతావనుకున్నా, అంతే."

ఆమె దగ్గర జవాబు ఉంది. ఆ డబ్బు నీదనే, మొత్తం పోకూడదనే అమ్మాను అనొచ్చు. ఎన్నిసార్లు అడిగినా అట్లాగే అమ్ముతాను అని కూడా అనొచ్చు. అది నిజం. అవేవీ అనకుండా ఆమె కుర్చీలోంచి లేచింది.

బయట లారీ హారన్ కొట్టింది. అన్న టోపీ సరిచేసుకుని గేటు తీయడానికి పోయాడు. నజ్మా తెచ్చిన టిఫిన్ డబ్బా కుర్చీ కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, అతను తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడింది.