మేఘం కాదు, పొగ

నేను ఆకాశాన్ని ముట్టుకోకుండా కొలుస్తాను. నీ పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదు. మా డిపార్ట్‌మెంట్ మిద్దె మీద సన్ ఫోటోమీటర్ అనే యంత్రం ఉంది. పగలంతా సూర్యుడివైపే మెడ తిప్పుకుంటూ, ఎండ మనదాకా వచ్చేసరికి ఏ రంగులో ఎంత తగ్గిందో చూస్తుంది. ఆ తగ్గుదలను బట్టి పైన ఎంత దుమ్ము, ఎంత పొగ, ఎంత నీటి ఆవిరి ఉన్నాయో లెక్క కడతాం. దాని అద్దం తుడవడం, పిట్టలు దాని మీద కాపురం పెట్టకుండా చూడటం నా పని. సైన్స్ అంటే తెల్లకోటు అనుకునేవాళ్ళు ఒకసారి వచ్చి నా చేతిలోని మసిగుడ్డ చూడాలి.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో నాతోపాటు ఒక చెల్లి ఉండేది. చెల్లి అంటే తోడబుట్టింది కాదు, వరంగల్ వైపు నుంచి సివిల్స్ రాయడానికి వచ్చిన అమ్మాయి. నాది అనంతపురం వైపు. ఆమె యాసకు నేను, నా యాసకు ఆమె నవ్వుకుంటూ ఒకే కుక్కర్లో వండుకునేవాళ్ళం.

ఆ ఏడాది దీపావళి వెళ్ళాక ఊరి మీదికి పొగ దిగింది. పట్టపగలే సూర్యుడు కుంకుమ బొట్టులా ఉండేవాడు, సూటిగా చూసినా కళ్ళు చెదిరేవి కావు. చెల్లికి ఆయాసం పట్టుకుంది. లైబ్రరీ నుంచి మధ్యలోనే వచ్చేసి, మూడంతస్తులు ఎక్కలేక మెట్ల మీదే కూలబడేది.

"అక్కా, ఊపిరి ఆడ్తలేదు," అంది ఒక మధ్యాహ్నం.

"మాట్లాడొద్దు పాపా. నేనుండా కదా, మెల్లగా లెయ్," అన్నాను.

ఇంటి ఓనర్ ఆంటీ గుమ్మంలో నిలబడి, "ఎగ్జామ్ కా టెన్షన్ హై బేటా, ఔర్ కుఛ్ నహీ," అని అంతా పరీక్ష భయమేనని తేల్చేసింది. ఇంటి నుంచి ఫోన్‌లోనూ అదే మాట. చదవడం చేతకాక నాటకాలాడుతున్నావని వాళ్ళ నాన్న గట్టిగానే అన్నాడు. ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టి, కొన్నాళ్ళు ఈ ఊరికి దూరంగా ఉండమన్నారు. చెల్లి పుస్తకాలు సర్దుకుని రైలెక్కింది. ఎక్కేటప్పుడు ఏడవలేదు. "నేను నాటకం చేస్తలేనక్కా," అని మాత్రం అంది. నాతో ఎందుకు చెప్పిందో తెలియదు, నేను నమ్మనిదెప్పుడు? అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆమె వెళ్ళాక కంప్యూటర్లో ఆ వారం కొలతలు తెరిచాను. ఖాళీ! ముందు రోజులకు గీత ఉంది, తర్వాతి రోజులకు గీత ఉంది, మధ్యలో ఏమీ లేదు. యంత్రం చెడిపోలేదు, ఎండ ఉన్నంతసేపూ కొలుస్తూనే ఉంది. తీసేసింది ప్రోగ్రాం. మేఘం అడ్డొస్తే మా కొలత పాడవుతుంది కాబట్టి, మేఘాన్ని ఏరిపారేయడానికి ఒక ప్రోగ్రాం ఉంటుంది. వెంటవెంటనే తీసిన కొలతలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరకపోతే మధ్యలో మేఘం వచ్చిందనుకుంటుంది. మేఘం కదులుతుంది, పొగ నిలకడగా ఉంటుంది అని దాన్ని రాసినవాళ్ళ నమ్మకం. పాపం, మంచి గాలి ఉన్న ఊళ్ళో కూర్చుని రాసినట్టున్నారు. మా పొగ తెరలు తెరలుగా వస్తుంది, ఒక తెర చిక్కగా, ఒక తెర పలచగా. ప్రోగ్రాం దాన్ని మేఘమనుకుని వారం మొత్తాన్ని చెత్తబుట్టలో వేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గాలి అన్నిటికన్నా చెడ్డగా ఉన్న రోజులే లెక్కలోంచి ఎగిరిపోతే, మిగిలిన రోజుల సగటు చూసినవాళ్ళు ఏమంటారు? మరీ అంత ఘోరంగా ఏమీ లేదే అంటారు. మా చెల్లి నాటకమాడిందనే అంటారు.

మా గైడ్ గారిది గుంటూరు వైపు. ఢిల్లీలోనే తల నెరిసిన మనిషి. మంచివారే గానీ గొడవంటే ఆమడ దూరం.

"చూడమ్మా, ప్రోగ్రాం తీసేసిందంటే తీసేసినట్టే. అందరూ దాన్నే వాడుతున్నారు. ఆ వారం వదిలేయ్, ఈ చలికాలంలోనే థీసిస్ ఇచ్చేద్దువుగాని," అన్నారు.

"అది మేఘం కాదు సర్."

"నువ్వు చూశావా?"

"రోజూ చూశాను సర్. అద్దం తుడిచేది నేనే కదా."

"అచ్ఛా! అయితే థీసిస్ కమిటీకి నీ కళ్ళు చూపిస్తావా?" అని నవ్వారు.

ఆ నవ్వు నాకు మేలే చేసింది, కళ్ళు చూపించలేకపోయినా రంగులు చూపించొచ్చని తట్టింది. మేఘంలోని నీటి బొట్లు అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తాయి, అందుకే పలచని మేఘం వెనక సూర్యుడు తెల్లగానే ఉంటాడు. పొగ రేణువులు మరీ సన్నవి. నీలాన్ని ఎక్కువగా మింగేసి ఎరుపును వదిలేస్తాయి. చెత్తబుట్టలోంచి కొలతలన్నీ మళ్ళీ ఏరుకున్నాను. నీలం దాదాపు మాయం, ఎరుపు మిగిలే ఉంది. నీటి ఆవిరి కొలత చూస్తే అదీ తక్కువే, మేఘం కట్టేంత తడి గాలిలో లేదు. ఈ సంగతి ఫోన్లో చెబితే చెల్లి అటునుంచి గయ్యిమంది.

"గా వారం మబ్బు ఏడుందక్కా? పైన ఆరేసిన బట్టలు ఒక్క పూటల ఆరినయ్ గదా! నల్లగ ఆరినయ్, గది వేరే ముచ్చట."

కమిటీ ముందు రంగుల లెక్కంతా చూపించాను. వాళ్ళలో పెద్దాయన ఓపిగ్గా విని, వాడుకలో ఉన్న పద్ధతిని ఒక్క వారం చూసి కాదనలేమన్నారు. ఆ వారం తీసేస్తే ఇప్పుడే సంతకం పెడతారట. లేదా ఇంకో చలికాలం కొలిచి చూపించాలట. నాతో చేరినవాళ్ళంతా డిగ్రీలు పట్టుకుని వెళ్ళిపోతున్న రోజులవి. గైడ్ గారు ఒప్పేసుకోమని కళ్ళతోనే సైగ చేశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"ఇంకో చలికాలం కొలుస్తాను సర్," అన్నాను.

కొలిచాను. మాస్కు కట్టుకుని, దగ్గుకుంటూ, ప్రోగ్రాంనీ కమిటీనీ తిట్టుకుంటూ కొలిచాను. యంత్రం పక్కనే ఒక కెమెరా బిగించి, అది కొలిచినప్పుడల్లా ఆకాశం ఫోటో తీయించాను. పొగ మళ్ళీ వచ్చింది. ప్రోగ్రాం మళ్ళీ మేఘమంది. ఫోటోల్లో మేఘం జాడే లేదు, మట్టిరంగు ఆకాశం, అందులో ఎర్రటి సూర్యుడు, అంతే. ఈసారి రంగుల లెక్కా, ఫోటోలూ పక్కపక్కన పెట్టేసరికి పెద్దాయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, సంతకం చేశారు. "మొండిదానివమ్మా," అన్నారు గైడ్ గారు బయటికొచ్చాక. ఔను సర్ అన్నాను. ఏం, కాదనాలా?

ఇప్పుడు నా థీసిస్‌లో ఆ వారానికి గీత ఉంది. మామూలు రోజుల గీత కింద పాకుతూ వచ్చి, అక్కడ కాగితం పైఅంచు దాకా లేచి నిలబడుతుంది. ఆ ఒక్క పేజీని ఫోటో తీసి చెల్లికి పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"నాన్నకు చూపిచ్చిన అక్కా. గిదేంది, గింత ఎత్తుకు పోయిందని అడిగిండు. నేను మెట్ల మీద కూసున్న వారం గదే అని చెప్పిన."

"ఏమన్నాడు?"

"ఫోన్ నా చేతిల కెల్లి తీస్కొని ఇంకా చూస్తనే ఉన్నడు. ఇప్పుడు అమ్మ ఫోన్ల కెల్లి మాట్లాడ్తున్న."

"చూడనీలే పాపా," అన్నాను. "బాగా చూడనీ."