అత్తగారు, అల్లుడు, మూడు గంటల దయ్యం

కళ్ళ డాక్టరుగారు జోడు రాసిచ్చారంటే గబ్బిలమైనా పట్టపగలు పేపరు చదవాల్సిందే. రోజుకు వందసార్లు "ఇది బాగుందా, అది బాగుందా?" అని జనాన్ని తికమక పెట్టే ఆ మనిషే, ఆటసామాన్ల కొట్లో రెండు పెట్టెల ముందు ఒక కన్ను మూసి ఒకటి, రెండో కన్ను మూసి ఇంకొకటి చూస్తూ గంట నుంచి ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. ఆదివారాలు ఇంట్లో బల్ల మీద అట్ట పరిచి, బొమ్మలు నడుపుతూ ఆడే దయ్యాలకొంప ఆటకు అవి అదనపు పెట్టెలు, ఒకదాంట్లో కొత్త వీరులు, ఇంకోదాంట్లో కొత్త దయ్యం. ఈసారికి ఒక్కటే కొనాలని భార్య ఆజ్ఞ. ఆ ఆటలో అందరూ ఒకే జట్టు, దయ్యమొక్కటే శత్రువు. తొమ్మిదేళ్ళుగా అల్లుడి గాలి సోకితేనే మూతి తిప్పుకునే అత్తగారు ఆయన పక్షాన నిలబడేది ఆ బల్ల దగ్గరే, అదీ ఆట సాగినంతసేపే.

"ముందు ఈ వీరుల పెట్టె తీసుకోండి సార్, అరగంటలో గెలిచేస్తారు," అంది కొట్లో అమ్మాయి.

"అరగంటేనా!" ఆయన మొహం మాడిపోయింది. "మరి ఈ కొత్త దయ్యం?"

"అమ్మో, దాంతో మూడు గంటలు కుస్తీ పట్టాలి. అయినా గెలుస్తారని నమ్మకం లేదు."

ఆయన దయ్యాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకున్నాడు.

ఆ ఆదివారం ఆట మూడో గంటలో పడ్డాక కొంప తాళంచెవి ఆయన బొమ్మ చేతికొచ్చింది. తలుపు ఎదురుగానే ఉంది, తెరిస్తే గెలుపే. ఆయన ఒకసారి గొంతు సవరించుకుని, తన బొమ్మను తిన్నగా దయ్యం కాచుకున్న నేలమాళిగలోకి దింపాడు.

"ఇదేం చూపండీ? తలుపు ఇటుంటే!" భార్య నెత్తి కొట్టుకుంది.

"ఊరుకోవే, పాపం కంగారుపడ్డాడు," అంటూ అత్తగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "అక్కడే ఉండు నాయనా, నేనొస్తున్నా."