దూది దులిపే చెయ్యి

ఎనభైల మొదట్లో ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో నా ఉద్యోగం ఫోన్ పట్టుకోవడం. హైదరాబాదులో పెరిగి, నాన్న బదిలీతో అక్కడికి వచ్చి పడ్డాను. టైపు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, కోపం అంతకంటే బాగా వచ్చు. బొంబాయికి, గుంటూరుకి ట్రంక్ కాల్స్ బుక్ చేయడం, పత్తి ధర అరిచి చెప్పడం, లైను తెగితే ఎక్స్ఛేంజి వాళ్ళతో పోట్లాడటం. అన్నం తినేటప్పుడు కూడా రిసీవరు చెవికీ భుజానికీ మధ్యే ఉండేది.

మా ఆఫీసు గది కిటికీలోంచి మిల్లు గేటు కనిపించేది. సాయంత్రం సైరన్ మోగగానే షెడ్డులోంచి ఆడవాళ్ళు తెల్లగా బయటికి వచ్చేవాళ్ళు. జుట్టు, కనుబొమలు, చీర, అన్నిటి మీదా నూగు దూది. గేటు దగ్గర జంటలుగా నిలబడి ఒకళ్ళ వీపు ఒకళ్ళు కొంగుతో దులుపుకున్నాకే రోడ్డెక్కేవాళ్ళు. దూదితో బజార్లోకి పోతే మిల్లు సరుకు ఎత్తుకొచ్చారని అనుకుంటారేమోనని వాళ్ళ భయం.

కొత్తగా వచ్చిన మేస్త్రీ ఆ పని తన చేతిలోకి తీసుకున్నాడు. కొంగుల్లో పత్తి దాచుకుపోతున్నారని యజమానికి నూరిపోసి, దులపడాన్ని తనిఖీగా మార్చేశాడు. “రామ్మా, నేను దులుపుతా,” అంటూ వీపు మీద మొదలయ్యే చెయ్యి ఎక్కడ ఆగాలో ఆయనిష్టం. ఆడవాళ్ళు తల వంచుకుని గబగబా దాటేసేవాళ్ళు.

ఆ చేతిని మొదట తోసేసింది అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే ఒక ముస్లిం ఆవిడ. ఆవిడ భర్త మంచాన పడి ఉన్నాడు. ఆవిడ పనికి పోతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

“దులిపేదానికి నా తోటోళ్ళుండారు మేస్త్రీ. నీ చెయ్యి నీ కాడే పెట్టుకో,” అంది.

మర్నాడు ఆవిడని గేటు లోపలికి రానివ్వలేదు.

సంగతి తెలియగానే రిసీవరు బల్ల మీద పడేసి, చెప్పు చేతిలో పట్టుకుని బయల్దేరాను. గేటు బయట కూర్చున్న ఆపాయే లేచి అడ్డం వచ్చింది.

“నువ్వు కొడితే వాడు దెబ్బలు తిన్నోడైతాడు, మేము రౌడీలమైతాము. వాని సెంప నాకెందుకు పాపా? నా పని నాకు గావాల. ఆ ఫోన్లో పత్తి రేటేనా, ఇంగేమన్నా అడగొచ్చా?”

తిరిగివచ్చి కర్నూలు లేబర్ ఆఫీసుకి ట్రంక్ కాల్ బుక్ చేశాను. పక్క బల్ల దగ్గర గుమాస్తా తలెత్తాడు.

“కర్నూలుకా? ఆడ మనకేం యాపారముందమ్మా?”

“లేబర్ ఆఫీసరుకి పత్తి కావాలేమో కనుక్కుంటున్నా,” అన్నాను.

పని చేసే చోట ఆడవాళ్ళని వేధిస్తే అడగడానికి ప్రత్యేకమైన చట్టం అప్పట్లో లేదు. ఉన్నవాటినే పట్టుకోవాలి. లైనులో గరగరల మధ్య ఆఫీసరు చెప్పాడు. రోజుకూలీ అయినా ఆవిడ కార్మికురాలే. కారణం లేకుండా గేటు మూస్తే ఒక్క మనిషైనా లేబర్ ఆఫీసులో తగాదా పెట్టొచ్చు, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు దాకా పోతుంది. ఇక చెయ్యి వేయడమంటారా, అది పోలీసు కేసు, స్టేషనుకి పోవడానికి యజమాని అనుమతి అక్కర్లేదు. అయితే నోటిమాట చాలదు, రాసి పంపండి, అందరూ కలిస్తే ఇంకా మంచిది, అన్నాడు.

నేను రాశాను. ఆపా మొదటి వేలిముద్ర వేసింది. తక్కినవాళ్ళు వెనక్కి జరిగారు. కౌతాళం వైపు నుంచి వచ్చే ఒకామె, “మమ్మల్నీ తీసేస్తే యాడికి పోవాల?” అంది.

“అందర్నీ తీసేస్తే మిషన్ల కాడ యజమాని పెండ్లాం కూసుంటాదా?” అంది ఆపా.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక్కొక్క వేలూ సిరా పెట్టె మీదికి వచ్చింది.

అర్జీ అందుకుని ఆఫీసరు వస్తానన్న రోజు ఆడవాళ్ళంతా తలంటు పోసుకుని, పెట్టెలో చీరలు తీసి కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. అంత పెద్దాయన ముందు మాసిన గుడ్డలతో నిలబడటం మర్యాద కాదని వాళ్ళ లెక్క. ఇంకా మిషన్లు కదలకముందే గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. ఆఫీసరు జీపు దిగి వాళ్ళని పైనుంచి కిందికి చూశాడు.

గుమాస్తాకి అంతకంటే ఏం కావాలి? “మీరే సూడండి సార్, వీళ్ళ మీద దూదేడుంది, దులిపేదేముంది? ఈ ఫోన్ పాప పట్నం నుంచి వచ్చినాది. కతలు బాగా రాస్తాది.”

నాకు ఒళ్ళు మండి నోరు తెరిచాను. ఆపా నా చెయ్యి నొక్కి తనే ముందుకొచ్చింది.

“పండక్కొచ్చినట్ల వచ్చినాము సార్, తప్పు మాదే. సైరన్ మోగే దాకా మీరు లోపల కూసోండి. ఆ తర్వాత ఏం రాసుకోవాల్నో మీ ఇష్టం.”

ఆయన నిజంగానే ఉండిపోయాడు. షెడ్డులో తిరిగి, కుర్చీ వేయించుకుని, దగ్గుతూ కూర్చున్నాడు. సైరన్ మోగి బయటికి వచ్చేసరికి ఆయన మీసాలూ చొక్కా తెల్లబడిపోయాయి. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, “అయ్యో సార్, దూది, దూది,” అంటూ ఆయన వీపు దులపడం మొదలుపెట్టాడు. చెయ్యి నడుము దాకా జారేసరికి ఆఫీసరు పక్కకి గెంతాడు.

“చెయ్యి తీయవయ్యా. నేను దులుపుకోలేనా?”

ఆపా నవ్వలేదు. “మేమూ అదే అన్నాము సార్. ఆ మాటకే నన్ను గేటు బయట నిలబెట్టినారు,” అంది.

ఆఫీసరు నేరుగా మా గదిలోకి వచ్చి యజమానిని పిలిపించాడు. మర్నాటి నుంచి ఆపాని పనిలోకి తీసుకునేటట్టు, తనిఖీ తప్పదంటే పరదా చాటున ఆడమనిషే చేసేటట్టు ఒప్పించి సంతకం పెట్టించాడు. ఆయన జీపు పోయాక యజమాని నన్నూ తీసేస్తానన్నాడు.

“తీసేయండి, ఆ ఆఫీసు నంబరు నాకు నోటికొచ్చు,” అన్నాను. తీసేయలేదు.

మేస్త్రీని మాత్రం ఎమ్మిగనూరులో ఉన్న తన ఇంకో మిల్లుకి పంపించాడు. పీడ పోయిందని ఆడవాళ్ళు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆపా మాత్రం నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఎమ్మిగనూరు మిల్లులో మొగోళ్ళేనా పాపా?”

“ఆడవాళ్ళే ఎక్కువ.”

“మన దోవలో కంప తీసి వాళ్ళ దోవలో ఏసినామే మరి.”

ఆ ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాం. మిల్లు ఆడవాళ్ళుండే వీధి వెతికి పట్టుకుని ఒక అరుగు మీద కూర్చున్నాం. ఆపా జరిగిందంతా చెప్పింది. వాళ్ళు విన్నారు, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“వచ్చి మూడునాళ్ళన్నా కాలేదు, వాడు మొదలుపెట్టినాడు,” అంది ఒకామె మెల్లగా. “కానీ యజమాని మనిషి గదా ఆపా. మాతో ఏమైతాది?”

“అయ్యేది తర్వాత సూస్తాము. ముందు అర్జీలో పేరు పెట్టేదానికి ఎవురుండారో సెప్పండి.”

ఇందాక మెల్లగా మాట్లాడిన ఆ మనిషే ఒళ్ళో బిడ్డను పక్కామెకి అందించి, మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

“రాసుకోమ్మా, నాది,” అంది నాతో.